బూట్లు విప్పకుండా

శనివారం సాయంత్రం ఆరున్నరకి
హల్ నగరంలో, హంబర్ గాలికి అద్దాలు గొణిగే వీధిలో
బెరిల్ ఓల్డ్‌రాయిడ్ ముందుగది
అంతరిక్షంలోకి బయల్దేరుతుంది.

నేను పైగదిలో అద్దెకుండేదాన్ని.
మొదటివారం ఉప్పు అడుగుదామని కిందికి దిగాను.
నాలుగేళ్ళు అక్కడే కూర్చున్నాను.

సీరియల్ పేరు తొమ్మిదో రేవు.
యాభై రెండేళ్ళుగా ఒకే ఓడ
ఆ రేవు కోసమే వెతుకుతోంది.
కెప్టెన్లు ఏడుగురు మారారు.
గోడలు మాత్రం అట్టవే.
ఎవరైనా కోపంగా తలుపేస్తే
గ్రహం గ్రహమంతా ఊగుతుంది.

బస్సు డ్రైవరు డెస్మండ్ బూట్లు విప్పడు.
బెరిల్ తివాచీ పాడవకుండా
పాత పేపరు పరిచి, దానిమీద పాదాలు పెట్టుకుంటాడు.
తెరమీద ఓడ తలుపు తెరుచుకోగానే
వంగి లేసులు బిగిస్తాడు.
"తీరా పిలుపొచ్చాక వెతుక్కోవాలా?" అన్నాడొకసారి.
జోకనుకుని నవ్వాను.
ఇంకెవరూ నవ్వలేదు.

ప్రిసిల్లా గ్రహానికొక వరస చొప్పున అల్లుతుంది.
మంచు గ్రహమైతే తెల్ల ఊలు,
ఇసుకైతే ఆవరంగు.
ఓడలో ఎవరైనా చనిపోతే
ఒక కుట్టు వదిలేస్తుంది, మాట్లాడదు.
ఆ మఫ్లరు ఇప్పుడు సోఫా దాటి, మెట్లెక్కి
నా గది గుమ్మం దాకా వచ్చింది.
చిల్లులు తడిమి
యుద్ధమెప్పుడు జరిగిందో చెప్పేయొచ్చు.

నేనేం తక్కువ తిన్నానా?
జంతికలు శత్రువులు మాట్లాడేటప్పుడే నమలాలి.
కెప్టెన్ నోరు విప్పితే
నా నోట్లోది ఉన్నదున్నట్టు ఆగిపోవాలి.
ఏడో కెప్టెన్ ఒకసారి
పదకొండు నిమిషాలు ఉపన్యసించింది.
ఆ జంతిక నాకింకా గుర్తుంది.

ఒక శనివారం, సరిగ్గా ఓడ లంగరెత్తుతుండగా
తుమ్మాను.
"ఆగండి, ఆగండి" అని అరిచాను అలవాటుగా.
"మా అమ్మమ్మ అయితే కాసేపు కూర్చుని
మంచినీళ్ళు తాగి వెళ్ళమంటుంది."
డెస్మండ్ రిమోట్ నొక్కి ఓడని ఆపేశాడు.
ప్రిసిల్లా గ్లాసులు తెచ్చింది.
ఎందుకని ఒక్కరూ అడగలేదు.
అప్పట్నించీ ఎవరు తుమ్మినా
రెండువందల మంది నావికులు గాల్లో నిలబడతారు,
మేం నలుగురం గుక్కెడు నీళ్ళు తాగేదాకా.

ఇక బెరిల్.
ఆమె చివరి రెండు నిమిషాలు చూడదు.
గడియారం చూసుకుని లేస్తుంది,
వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పుతుంది,
కడిగిన కప్పులే మళ్ళీ కడుగుతుంది.
ఏమైందో మేం చెప్పకూడదు.
పై వారం వాళ్ళు బతికి కనబడితే
"చూశారా, ఏం కాలేదు" అంటుంది,
తనే ఆ నీళ్ళతో కాపాడినట్టు.
(తుమ్ములున్న రోజు మాత్రం
కుళాయి కాస్త ఆలస్యంగా తిరుగుతుంది.
దానికీ ఆమె లెక్క ఆమెకుంది.)

మార్చిలో ప్రకటించారు,
ఇంకొక్క భాగమే అని.

ఆ సాయంత్రం జంతికల డబ్బా మూత తియ్యలేదు.
శత్రువులు ఎంత వాగినా తియ్యలేదు.
ప్రిసిల్లా ఒళ్ళో ఏ రంగూ ఎంచని ఊలుండలు.
మా అందరి కళ్ళూ తెరని వదిలేసి
గడియారం మీద.
పై వారం లేదు కదా,
ఈసారైనా కూర్చుంటుందేమో అని.

లేచింది.
కుళాయి చప్పుడు.

ఆ రెండు నిమిషాలూ మేం చూశాం.
కుళాయి కట్టేశాక కూడా
ఆమె వెంటనే రాలేదు.
గుమ్మంలో నిలబడి, చేతులు తుడుచుకుంటూ,
మా మొహాలకేసి చూడకుండా
"వచ్చే శనివారం బిస్కెట్లు ఏవి తేను?" అంది.

అల్లం బిస్కెట్లన్నాడు డెస్మండ్,
లేసులు బిగిస్తూ.

ఓడ ఏమైందో ఇక్కడా రాయను.
బెరిల్‌కి తెలుగు రాదు.
అయినా సరే.