పూడిక

మీరు చెప్పిన పేరు నా నోరు తిరగలేదు డాక్టరమ్మా.
చీటీ మీద రాయించుకుని
కాకినాడ నుంచి రావులపాలెం దాకా బస్సులో
అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను.
బ్రాంకియెక్టాసిస్.
పక్క సీట్లో పల్లాలమ్మ
చెంగు నోట్లో కుక్కుకుని దగ్గుతూనే ఉంది.
కండక్టరు చిల్లర దూరం నుంచే అందించాడు.

పదకొండేళ్ళుగా క్షయ అన్నారు జనం.
మూడుసార్లు కళ్ళె పరీక్ష చేసి ఆస్పత్రివాళ్ళు కాదన్నారు.
కాదంటే ఎవరు నమ్ముతారు,
పీచు షెడ్డులో ఆమె గ్లాసు వేరే మేకుకి తగిలించారు.
పసితనంలో కోరింత దగ్గు వచ్చిందట,
గాడిదపాలు పట్టారట.
దగ్గు పోయిందనుకున్నారు.
పోలేదు, లోపలికెళ్ళి కాపురం పెట్టింది.

కంప్యూటర్లో నల్లబొమ్మ చూపించి
"గాలిగొట్టాలు వెడల్పయిపోయాయి" అన్నారు మీరు.
నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి.
వెడల్పయితే మంచిదే కదండీ,
గాలి ఇంకా బాగా ఆడాలి కదా!
మీరు విడమర్చి చెప్పారు. నాకెక్కలేదు.

ఇరవై ఆరేళ్ళుగా లాకు మీద లస్కరుని.
ఆ రాత్రి తలుపు చక్రం తిప్పుతుంటే ఎక్కింది.

మా లాకు దిగువన గట్టు కోసుకుపోయి
కాలువ చెరువంతయిన చోటొకటుంది.
కొత్తవాళ్ళు నిలబడి, ఎంత నీరో అంటారు.
నీరు కాదది, నీటి నిద్ర.
సన్నటి కాలువలో పరిగెత్తుకొచ్చింది
అక్కడ కాళ్ళు చాపుకుంటుంది,
మోసుకొచ్చిన ఒండ్రంతా దింపేస్తుంది.
ఒండ్రు మీద గుర్రపుడెక్క,
డెక్క కింద కుళ్ళు,
ఆ కుళ్ళు మెల్లగా గట్టునే కొరుకుతుంది.
గట్టు జారుతుంది.
ఇంకాస్త వెడల్పు.

గోదారి పాయలు పాయలైనట్టు
ఆమె రొమ్ములోనూ పాయలున్నాయని బొమ్మలో చూశాను కదా,
కుడిపక్క కింది పాయల గతి ఇదీ.

"మళ్ళీ సన్నబడవా?" అంటే
తల అడ్డంగా ఊపారు.
అబద్ధమాడనందుకు మీకో చక్కెరకేళీ గెల బాకీ.

కాలువకైతే వేసవిలో కట్టేసే రోజులుంటాయి.
నీళ్ళాపి పూడిక తీస్తారు,
తీయకపోయినా బిల్లు పెడతారు.
ఊపిరికి కట్టేసే రోజుల్లేవు.
పారుతుండగానే తీయాలి, రోజూ, రెండు పూటలా.

తెల్లారగట్ల మంచానికి కాళ్ళవైపు రెండేసి ఇటుకలు.
ముందు ఉప్పునీటి ఆవిరి, మెషీను గురగురమంటుంది.
పోటెక్కితే మా చేలను చంపే ఉప్పు
ఇలా ఒకచోట పనికొచ్చింది.
తర్వాత తల వాలుకి పెట్టి పడుకుంటుంది,
దోసిలిలా వంచిన నా అరచెయ్యి ఆమె వీపు మీద
టప్పు టప్పు టప్పు.
గట్టిగా కొట్టానని మొదటి వారం రెండ్రోజులు మాట్లాడలేదు.
ఇప్పుడు తనే దారి చెబుతుంది,
"ఇంకొంచెం కిందకి. ఆఁ, అక్కడే ఉంది."

పొద్దున్నే రిజిస్టరులో ఎగువ మట్టం, దిగువ మట్టం రాస్తాను.
వెనక అట్ట లోపల ఇంకో లెక్క మొదలెట్టాను.
సోమవారం తెలుపు.
బుధవారం అరకప్పు, పసుపు.
శుక్రవారం పచ్చ, జ్వరం, అమలాపురం ఆటో.
ఏఈ గారు చూసి ఇదేంటయ్యా అన్నారు.
ఇంకో కాలువండి, అన్నాను.

నిన్న రాత్రి నాలుగ్గంటలు
ఆమె ఒక్కసారీ దగ్గలేదు.
అలవాటు తప్పి నాకు నిద్ర పట్టలేదు.
లేచి కూర్చుని,
తలుపు సందుల్లోంచి నీరు కారే చప్పుడు ఒకటీ,
ఆమె ఊపిరి ఒకటీ,
రెండూ వింటూ ఉండిపోయాను.