మూడింటి వేళ

"నిద్ర ఎలా పడుతోంది?" అనడిగాడు
భీమవరం డాక్టరు, కాగితం మీంచి తలెత్తకుండానే.
పడుతోందండి, అన్నాను.
గోడ మీంచి సున్నం పడ్డట్టు,
పెచ్చులు పెచ్చులుగా.

పదకొండుకోసారి లేస్తాను, ఒంటిగంటన్నరకి మళ్లీ.
చెంబెడు తాగినా నాలుక అట్టే ఉంటుంది.
అరికాళ్లలో ఎవరో పొయ్యి రాజేసి
ఆర్పడం మర్చిపోతారు.
షెడ్డులో మడత మంచం దిగి
చెరువు గట్టు బురదలో పాదాలు దింపితే
కాస్త నయం.

మూడింటికి రొయ్యకి గాలి తగ్గుతుంది.
నాకు చక్కెర.
ఏరియేటర్లు తిరిగినంతసేపూ
ఉప్పుటేరు దాకా ఊళ్లన్నీ నిద్రపోతాయి,
ఆ రొద ఆగితేనే మెలకువ.

మొన్న కరెంటు పోయింది.
అప్పటికే లేచి కూర్చున్నాను,
చొక్కా తడిసి, వేళ్లు వణికి.
జనరేటరు మూడో తిప్పుకి అందుకుంది.
జేబులో బెల్లం ముక్క
ఆ తర్వాత గుర్తొచ్చింది.

తెల్లారి రాజుగారు భుజం తట్టారు:
"నీకు నిద్ర పట్టకపోవడం మా అదృష్టంరా పోలయ్యా!"
నెలకి ఐదొందలు పెంచారు.

ఇదంతా డాక్టరుకి చెప్పలేదు.
చీటీ చివర ఆయన
"నిద్ర, ఏడు గంటలు" అని రాసి
కింద రెండు గీతలు గీశాడు.
మందుల షాపు కుర్రాడు బిళ్లలన్నీ లెక్కపెట్టి
అక్కడికొచ్చి ఆగాడు.
"ఇది మా దగ్గర రాదు బాబాయ్."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.
ఉండిలో దిగాల్సినవాణ్ణి
ఆకివీడు దాకా పోయాను.
కండక్టరు తట్టి లేపితే
ఎంత కోపమొచ్చిందో.