గడి లేని గటుక

పరకాల దవాఖాన బెంచీ మీద
స్రవంతి గ్లూకోజు నీళ్లు తాగి
మొకం చిట్లించింది.
రెండు గంటలు ఏమీ తినొద్దన్నాను.
పక్కనుంచి వాళ్లమ్మ ఓదెలమ్మ:
"ఇది కడుపుల ఉన్నప్పుడు కరువు.
పొద్దుకొక్క గిన్నె గటుక. గంతే."

నా ఫారంలో నలభై రెండు గడులు.
ఎత్తు, బరువు, నెత్తురు, మేనరికం.
ఆ గిన్నెకు గడి లేదు.

రాత్రి హన్మకొండలో
ల్యాబు ఫ్రిజ్ గురక పెడుతుంటే
అంకె చూశాను: నూట ఎనభై ఆరు.
తల్లి ఆకలిని
కూతురి ఒళ్లు ఇంకా మరిచిపోలేదేమో,
తీపిని ఎక్కడ పెట్టాలో దానికి తెలియట్లేదు.

అంచున పెన్సిలుతో రాశాను, గటుక అని.
ఇదేం కొలత అంటాడు మా గైడు.
అననీ.

సూది గుచ్చినచోట దూది అదుముకుంటూ
ఆరో నెల పొట్టతో లేస్తూ
స్రవంతి అడిగింది:
"ఇగ తినొచ్చా, మేడం?"