బాచిర్

ముసలామెకు నీళ్లు పోసేది నేనే,
జహ్రాలో, రెండో అంతస్తులో,
ఏసీ ఆపేసి, పొద్దున పదికి.
ఎడమపక్క ఆమెకు చదునుగా ఉంటాది
ఇస్త్రీ చేసిన గుడ్డ మాదిరి,
అడ్డంగా ఒక కుట్టు.
ఏందని నేనడగలా, ఆమె చెప్పలా.
సబ్బు మాత్రం అక్కడ మెల్లగా రుద్దేదాన్ని.

ఆమె మాత్రలకు డబ్బా ఉంది, ఏడు అరలు.
ఒక్క పూట తప్పితే మేడం ఫోన్లోనే అరుస్తాది.

నాకు తగిలింది రంజానుకు ముందు,
బాడీ హుక్కు పెట్టుకుంటాంటే.
ఖర్జూరం గింజంత. నొప్పి లేదు.
నొప్పి లేనిది రోగమెట్లయితాది?

రంజాను నెల ఎవురు సెలవిస్తారు,
రాత్రి మూడు దాకా గిన్నెలే.
పండగ కానీ అనుకున్నా.
పండగైనాక అకామా రెన్యువల్.
ఇప్పుడు నోరు తెరిస్తే కాగితం మీద ఏం రాస్తారో,
ఏ విమానం ఎక్కిస్తారో.
బోరు అప్పు ఇంకా రెండేళ్లుంది.
ముద్ర పడనీ అనుకున్నా.
పడింది.
ఎండలకు వాళ్లంతా లండన్ పోయినారు,
ముసలామెను నాకప్పజెప్పి.
వాళ్లు రానీ.

ఒక శుక్రవారం హసావిలో
ఓబులమ్మక్కకు తలుపేసి చూపించినా.
"పాలగడ్డలే, పసుపు పట్టెయ్" అనింది.
పాలు మాన్పించి పన్నెండేళ్లయింది నేను.
అయినా ఆ మాట ఎంత తీపో!
వారమంతా చప్పరించినా.

డాక్టరు మగోడైతే?
అరబ్బీలో దాన్నేమంటారో నాకు తెలీదు.
నాకొచ్చినవన్నీ వంటింటి మాటలు:
ఉల్లిగడ్డ, మురికి, తొందరగా,
బాచిర్. అంటే రేపు.
అది మాత్రం బాగా వచ్చు.

మొన్న కుడి చెయ్యి పైకి లేవలా.
చెంబు ఎడమ చేతికి మార్చుకున్నా.
ముసలామె చూసింది.
కొడుకు పేరే మర్చిపోయిన మనిషి,
నన్ను రోజుకో పేరుతో పిలిచే మనిషి,
తడి చెయ్యి చాపి
నా నైటీ మీద, సరిగ్గా అక్కడ, పెట్టింది.
తీయలా.
ఇంకో చేత్తో తన కుట్టు తడుముకుంది.
"చమ్ షహర్?"
ఎన్ని నెలలని.
వేళ్లు మడిచినా.
ఒక చెయ్యి అయిపోయింది,
రెండో చేతిలో నాలుగు.
నెలలు నిండినాయి, ఎవురికీ చెప్పకుండానే.

ఏడ్వలా ఆమె, తిట్టలా.
ఒంటినిండా సబ్బుతో
గోడకున్న గంట నొక్కింది.
వద్దు మామా, వద్దని చెయ్యి పట్టుకున్నా.
విదిలించి మళ్లీ నొక్కింది,
నొక్కతానే ఉంది,
మేడం చెప్పులు మెట్లెక్కే చప్పుడు
తలుపు దాకా వచ్చేదాకా.