ఒంటి భాష ఎడిషన్

కువైట్ ఖైతాన్‌లో మా రిపేరు కొట్టుకి
శుక్రవారం మధ్యాహ్నం పుల్లమ్మ వచ్చింది,
బాస్మతి సంచిలో చుట్టిన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని.
"పిల్లోడు కొత్తది కొనుక్కున్యాడు, ఇది నాకిచ్చినారు.
తెలుగులోకి మార్చియ్యి అబ్బయ్యా."

తెరిచాను.
మొదలుపెట్టే గుర్తు కుడిమూల,
మూసేసే ఇంటూ ఎడమ చేతి వైపు,
అద్దంలో కనబడే వీధిలా అంతా తారుమారు.
లోపలికి వెళ్లి చూస్తే
ఒంటి భాష ఎడిషన్.
అరబ్బీ తప్ప ఇంకోటి పట్టదు దీనికి.
"భాష మార్చడం కాదక్కా, మొత్తం ఎడిషనే మార్చాలి."

"ఒగ భాషతో ఎట్ల బతుకుతాదిరా ఇది?" అంది,
పదకొండేళ్లుగా మామాతో అరబ్బీ,
వంటింట్లో సింహళం, డ్రైవరుతో మలయాళం,
దేవుడితోనూ నాతోనూ కడప మాట్లాడే మనిషి.

ఆమె బాధ చీటీ లెక్క.
పదకొండు మంది ఆడవాళ్లు, నెలకు పది దినార్లు.
పుస్తకం బట్టల మిషన్ నీళ్లలో తడిసి
పెంచలమ్మ కట్టిన నెల
పాపమ్మ పేజీకి అంటుకుపోయింది.
పోనీ ఇందులో రాసుకుందామంటే
వాళ్ల అక్షరాల్లో ప లేదు.
"నా పెంచలమ్మ బెంచలమ్మ అయితాది.
పాపమ్మ బాబమ్మ అయితాది.
దుడ్లు ఎవరివని చెప్పేది?"

నవ్వాను గానీ నాదీ అదే కథ.
ఇంట్లో పిచ్చయ్యని.
మా ముదీర్ నోట్లో పద్నాలుగేళ్లుగా
బిచ్చయ్యని.

పెన్‌డ్రైవ్ గుచ్చగానే అది అడిగింది:
పాత ఫైళ్లు ఉంచాలా, ఏమీ వద్దా?
"తుడిచెయ్" అనబోయి పుల్లమ్మ
"ఉండు" అంది.
పసుప్పచ్చ ఫోల్డరు కింద వేలు పెట్టి,
కుడి నుంచి ఎడమకి,
పిల్లాడి హోంవర్కు పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు:
బా. లామ్. మీమ్. అలిఫ్.
"బుల్లమ్మ. నేనే."

లోపల పదిహేడు బొమ్మలు,
ఆరేళ్ల చెయ్యి మౌసు పట్టి గీసినవి.
ఒకదాంట్లో ఆమె జడ ఇల్లు దాటి, గేటు దాటి,
తెర అంచుదాకా పోయింది.
ఒకదాంట్లో చేతికి ఏడు వేళ్లు,
వేలికొక గరిటె.
"వానికిప్పుడు మీసాలు" అంది.
అంతే అంది.

బొమ్మల్ని పక్కకి ఎక్కించి డిస్కు తుడిచాను.
శాతాలు నడిచాయి. ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్నాయి.
ముప్పై ఒకటి దగ్గర తెర నల్లబడితే
"పోయినాదా?" అని లేచి నిలబడింది.
పోలేదక్కా, మధ్యమధ్య ఇలా పడి లేస్తుంది.
దీనికి లైసెన్సు మళ్లీ కొనాలి, పాతది చెల్లదు.
"ఇల్లు మారితే ఇకామా మారినట్ల."
అట్లే.
"నాకు రెండుసార్లు మారింది" అని
కరక్ టీ గ్లాసు అడుగున మిగిలిన చక్కెరని
వేలితో తీసింది.

చివరికి అడిగింది: దీన్ని వాడేదెవరు?
ప కొట్టాను. కొమ్మిచ్చాను.
మిగతా అక్షరాలు కొడుతున్నా
ఆమె చూపు ఆ మొదటిదాని మీదే.

ఫోల్డరు వెనక్కి పెట్టి
"దీని పేరూ సరిచేయనా?" అంటే
"దాన్ని ముట్టుకోవద్దు."

మౌసు అందుకుంది.
చెయ్యి తనంతట తనే కుడిమూలకి పోయింది.
అక్కడ గడియారం తప్ప ఏమీ లేదు.
"యాడ పెట్టినావురా మొదులు?"
ఎడమకి రా అక్కా.
ఇంకా ఎడమకి.

లైసెన్సు పోను నా కూలి మూడు దినార్లన్నాను. రెండిచ్చింది.
మూడోది అడిగేలోపు
ఒంటివేలితో వెతుక్కుంటూ వెతుక్కుంటూ
చీటీలో పన్నెండో పేరు కొట్టింది.
పకి గుడి. చకి చ వత్తు.
"పిచ్చయ్య. సరిగ్గా రాసినానా?
వచ్చే నెల నుంచి పది దినార్లు, మర్సిపోవాకు."