ఉప్పు లేని మూడు రోజులు

మూడు రోజులు ఉప్పు వెయ్యలేదు.
పిండి కలిపాను, పులియబెట్టాను, కత్తిలా సాగదీశాను,
నడుము దాకా గుండ్రటి పొయ్యిలోకి వంగి
మండే గోడకు చప్పున అతికించాను.
ముప్పయ్యేళ్ళ చేతులు. వాటికి నాతో పనిలేదు.

కుతాయిసీలో, రియోనీ వంతెన అవతల,
మెట్లు దిగితే వచ్చే నా కొట్టు ముందు
ఆ మూడు రోజులూ వరస అలాగే ఉంది.
ఒక్కరూ నోరెత్తలేదు.
బాద్రీకి ఏదో అయిందని ఎప్పుడో అనుకున్నారట.
ఊరికంతా తెలుసు, నాకు తప్ప.

నాలుగో పొద్దున, రిటైరైన నర్సు ఎతేరీ
కిటికీలోంచి రొట్టె వెనక్కి తోసింది.
"తిని చూడు."
"రోజూ తింటూనే ఉన్నాను," అన్నాను.
అన్నాక ఆ మాట నాకు వినపడింది.

రోజూ తింటూనే ఉన్నాను.
తొలి వాయిలోంచి, వేడివేడిగా, నిలబడే.
చప్పిడని నాలుక చెప్పలేదు.
చెప్పే ఉంటుంది,
ఇంట్లో నేను లేనేమో.

అప్పుడు వెనక్కి లెక్కపెట్టుకున్నాను.
ఫిబ్రవరిలో మేనల్లుడి పెళ్ళి. బల్ల పెద్దను నేనే.
కొమ్ములో ద్రాక్షసారా ఎత్తి నేను లేచానంటే
పోయినవాళ్ళు కూడా నవ్వుతారని పేరు.
ఆ రాత్రి లేచాను. మాట రాలేదు.
"చల్లగా ఉండండి," అని కూర్చున్నాను.
గొంతు పట్టేసిందన్నాను.
తర్వాత నడుమన్నాను, బీపీ అన్నాను, వానలన్నాను.
రాత్రి రెండింటికి మెలకువ. రొట్టెలవాడికి అది మామూలేగా.
మిల్లువాడు బస్తాకి రెండు కిలోలు కొట్టేస్తుంటే
చూస్తూ ఊరుకున్నాను.
ఉప్పూ కారం తినే మనిషికి కోపమైనా రావాలి.

ఏమైందని లామారా అడిగితే ఏం లేదన్నాను.
అబద్ధం కాదు. ఏమీ లేదు.
ఎవరూ చావలేదు. అప్పుల్లేవు. కూతురు బాగా చదువుతోంది.
దుఃఖమైతే గుర్తుపట్టేవాణ్ణి,
మా వీధిలో దానికి కుర్చీ వేస్తాం, గ్లాసు నింపుతాం.
ఇది పొయ్యి చల్లారినట్టు వచ్చింది.
పైకి గోడ అలాగే ఉంటుంది,
చెయ్యి పెడితేగాని తెలియదు.

"పద, పోలిక్లినిక్‌కి," అంది ఎతేరీ.
"కొట్టు?"
"ఊరు ఒక పూట బజారు రొట్టె తింటే చావదులే."

నా కూతురికంటే నాలుగేళ్ళు పెద్దదేమో ఆ డాక్టరు.
బల్ల మీద సగం కొరికిన ఆపిల్.
దారంతా కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ మిగల్లేదు.
"ఉప్పు మర్చిపోయాను," అన్నాను.
నవ్వలేదు. కలం కింద పెట్టింది.
"ఎన్నాళ్ళుగా?"

చాలా అడిగింది. చివర ఆ ప్రశ్న కూడా,
టైమెంత అన్నంత మామూలుగా.
నేను పొయ్యి గురించి చెప్పాను.
వంగినప్పుడు, ఒక్కోసారి,
మళ్ళీ లేవడం దేనికని అనిపిస్తుందని.
నా చెవులకే కొత్త ఆ మాట.
గది కూలిపోలేదు.
కిటికీ కింద ఎవరో పుచ్చకాయ బేరమాడుతున్నారు.
"చెప్పి మంచిపని చేశారు," అంది.
జబ్బుకి పేరుందంది. డిప్రెషన్.
ఆ మాటను పిండిలా ఒకసారి వేలితో నొక్కి చూశాను.
గుంట పూడలేదు.

రోజుకో మాత్ర. గురువారాలు మాటలు.
కొన్నాళ్ళు పొయ్యి దగ్గర ఒంటరిగా వద్దు.
బావమరిది గూచా వంగుతున్నాడు నా బదులు,
ఒక్క రొట్టె తిన్నగా రాదు వాడికి.
లామారాకి ఆ రాత్రే అంతా చెప్పాను.
ఏమీ అనలేదు. దుప్పటి నా మీదికి కూడా లాగింది.

తగ్గిందా అంటే ఏం చెప్పను.
కొన్ని పొద్దులు తగ్గింది. కొన్ని లేదు.

నిన్న, ఏడో వారం,
ఎతేరీ మళ్ళీ రొట్టె వెనక్కి తోసింది.
"ఉప్పెక్కువ."
"నీ నోరే బాగోలేదు," అన్నాను.
వరసంతా వింటుండగా చాలాసేపు పోట్లాడుకున్నాం.
ఆమె వెళ్ళాక లోపలికొచ్చి
ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను.

ఆమెదే నిజం.
ఎక్కువే.