సెకనులో నూటపాతికో వంతు

నవంబరు చివర్లో సూర్యుడు కొండ వెనక్కి దిగి
రెండు నెలల దాకా ఇసాఫ్యోర్దుర్ ముఖం చూడడు.
పన్నెండింటికి కాస్త నీలం,
రెండున్నరకల్లా అదీ ఉండదు.
మా వంటింట్లో అప్పుడు వెలుగంటే
పొయ్యి మీద ఒక బల్బు,
కిటికీలో క్రిస్మస్ దీపాలు ఏడు,
ఎవరైనా ఫ్రిజ్ తలుపు తీస్తే ఇంకొంచెం.

ఈ వెలుగులోనే మావాళ్లు ఫొటో దిగాలి.

నా పాత కెమెరా, పాపం, చేయగలిగినంత చేస్తుంది.
ఐఎస్ఓ ఆరువేల నాలుగొందలకి లాగితే
మా చిన్నది యోరున్ బుగ్గల మీద
ఎవరో గుప్పెడు రవ్వ చల్లినట్టు.
తగ్గిస్తే, షట్టర్ ఆవులించి ఆవులించి మూసుకుంటుంది;
ఆలోపు పిల్ల మూడు కుర్చీలు దాటిపోతుంది,
బొమ్మలో పసుపు స్వెటర్ తోక ఒక్కటే మిగుల్తుంది.

రేవు దగ్గర స్టుర్లా కొట్టుకి వెళ్లాను.
సగం కొట్టు గాలాలు, సగం కెమెరాలు.
కొత్త బాడీ చేతిలో పెట్టాడు. ఫుల్ ఫ్రేమ్.
"చీకట్లో పిల్లి కళ్లు దీనివి."
ధర చీటీ తిప్పి చూశాను:
చేపల ఫ్యాక్టరీలో నా రెండు నెలల రాత్రి షిఫ్టులు.
"స్టెబిలైజర్ ఉంది. చేయి వణికినా ఫొటో వణకదు."
ఎవరి చేయి? అన్నాను.
"పట్టుకున్నవాళ్లది."

నేనడిగింది నాన్న చేయి గురించి.

మూడేళ్లయింది, ఆ కుడిచేయి
ఆయన మాట వినడం మానేసి.
కాఫీ పోస్తే సాసర్లో పోటెత్తుతుంది.
నలభై ఏళ్లు వలలు అల్లిన వేళ్లు,
ఫొటోల్లో ఇప్పుడు పొగ.
కెమెరా కొండలా నిలబడితే మాత్రం ఏం లాభం,
వణుకు బల్లకి అవతలి వైపున్నప్పుడు?

స్టుర్లా గడ్డం గోక్కున్నాడు.
"అయితే నీక్కావలసింది బాడీ కాదు. గాజు."
పిండికొద్దీ రొట్టె.
పాత సరుకు అరలోంచి రెండు లెన్సులు దించాడు.
యాభై, ఒకటి పాయింట్ నాలుగు:
వెలుగుని గటగటా తాగేస్తుంది, నిజమే,
కానీ నా చిన్న సెన్సార్ మీద మనుషుల్ని ముక్కు దాకా లాగుతుంది.
మా నలుగుర్నీ పట్టాలంటే నేను గోడ పగలగొట్టి
పక్కింటి హాల్‌డోరా సోఫాలో కూర్చోవాలి.
ముప్పైఅయిదు, ఒకటి పాయింట్ ఎనిమిది:
అంచున గీత, మూత లేదు.
ఫ్రిజ్‌కి వీపు ఆనిస్తే అందరూ వస్తారు.
మూత లేనందుకు వెయ్యి క్రోనాలు తగ్గించాడు.
ఇంకో అయిదొందలు నేను తగ్గించాను.

మొదటి రాత్రి పూర్తిగా తెరిచి తీశాను.
అమ్మ ఎడమకన్ను నిఖార్సు, కుడికన్ను మంచు.
"సగం మనిషికే సరిపోయిందా నీ డబ్బు?" అంది.
కొంచెం మూశాను. రవ్వ మళ్లీ పడింది.
పడనీ.
షట్టర్ నూటపాతికో వంతు.
టక్.

నాన్న చేయి ఆగింది.
ప్రతి వేలూ, గోటికింద పాత తారు మరకతో సహా.
కాఫీ ధార గాజుకడ్డీలా కెటిల్‌కీ కప్పుకీ మధ్య నిలిచింది.
ఆయన కళ్లజోడు నుదుటికి నెట్టి
చాలాసేపు చూశాడు.
"బాగున్నప్పటి చేయి," అన్నాడు.
అక్కకి పంపాలి, ప్రింటు వేయించమన్నాడు.

నేను దిద్దిందేమీ లేదు. అబద్ధమూ లేదు.
అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
పొద్దున్నే, అంటే చీకట్లోనే,
షట్టర్ పదిహేనో వంతుకి దించి
అదే కెటిల్, అదే కప్పు, మళ్లీ తీశాను.
పొగ.
అది ఎవరికీ చూపించలేదు. చెరపనూ లేదు.

జనవరి చివర సూర్యుడు మా వీధికొచ్చాడు.
ఆ రోజు ఊరంతా పాన్‌కేకులు, కాఫీ.
పదకొండు నిమిషాలు మా బల్లమీద ఎండ.
పరిగెత్తుకెళ్లి కెమెరా తెచ్చి
ఐఎస్ఓ తగ్గించడం మరిచిపోయాను.

పాలు ఒలికినట్టు ఒకటే తెలుపు.
పాన్‌కేకుల్లేవు, యోరున్ లేదు, బల్ల లేదు.
వెతగ్గా వెతగ్గా ఒక మూల
నాన్న చెవి,
వెనకనుంచి ఎండ దూరి, ఎర్రగా.